కారులో చల్లగాలి ఆగిన మధ్యాహ్నం

మా పాపకు చెమట పట్టదు. కొత్తవాళ్ళకు ఈ మాట చెబితే సగంమంది నవ్వుతారు. "ఎంత అదృష్టం, మాకూ అట్లుంటే బాగుండు" అంటారు. వాళ్ళను నేను తప్పుపట్టను. పాపకు పది నెలలు నిండేదాకా నాకూ ఆ సంగతి తెలియదు.

మాది కడప దగ్గర కమలాపురం. పక్క ఊళ్ళోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను ల్యాబ్ టెక్నీషియన్ని. పాప పుట్టాక వచ్చిన మొదటి ఎండాకాలంలో దానికి రోజు విడిచి రోజు జ్వరం వచ్చేది. నా చేతులతోనే దాని రక్తం తీసి మలేరియా చూశాను, టైఫాయిడ్ చూశాను, కణాలు లెక్కపెట్టాను. అన్నీ బాగానే ఉండేవి. పొద్దు వాలితే జ్వరం తగ్గేది, పొద్దెక్కితే మళ్ళీ వచ్చేది. చివరికి కర్నూలులో ఒక పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాం. ఆమె పాప పలచటి జుట్టు చూసింది, అప్పుడే మొనదేలి బయటపడుతున్న ఒకే ఒక్క పన్ను చూసింది, వీపు మీద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంచింది.

"ఈ పాపకు చెమట పట్టడం ఎప్పుడైనా చూశారా?" అని అడిగింది.

ఎంత గుర్తు చేసుకున్నా ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

"మీది మేనరికమా?"

మా ఆయన నా మేనత్త కొడుకు. చిన్నప్పటినుంచీ బావా అనే పిలుస్తాను. ఇద్దరం తల ఊపాం. చెమట గ్రంథులు లేకుండా పుట్టే పిల్లలు అక్కడక్కడా ఉంటారనీ, వాళ్ళకు జుట్టూ పళ్ళూ కూడా సరిగా రావనీ, ఒంట్లో పుట్టిన వేడి బయటికి పోయే దారి వాళ్ళకు ఉండదనీ, ఎండ వేడి వాళ్ళ ప్రాణం మీదికి తెస్తుందనీ ఆమె చెప్పింది. దీనికి మందు లేదు, చల్లగా ఉంచడమే మందు. "పెద్దయ్యేకొద్దీ తన జాగ్రత్త తనే నేర్చుకుంటుంది. అప్పటిదాకా మీరే" అంది.

ఆ రోజు నుంచి నా ఏడాది రెండు ముక్కలైంది. శివరాత్రి దాటినప్పటినుంచి మృగశిర చినుకు పడేదాకా ఒక ముక్క. ఆ నెలల్లో నేను మనిషిని కాను. కరెంటు పోతే గుండె ఆగుతుంది, ఇన్వర్టరు కూత పెడితే ఐసు ముక్కల కోసం పరిగెత్తుతాను. ఇంట్లో ఒక గదికి ఏసీ పెట్టించి పాపను అందులోనే పెంచాం. దాన్ని బయటికి తీసుకుపోవాలంటే బస్సు కుదరదు, బైకు అసలే కుదరదు. అందుకని ఒక సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాం. కొనేముందు బావ ఇంజను చూశాడు, టైర్లు చూశాడు. నేను మాత్రం లోపల కూర్చొని చల్లగాలి కంతల దగ్గర చెయ్యి పెట్టి చాలాసేపు ఉన్నాను. బావ బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఆదివారాలు మాత్రమే ఇంటికొస్తాడు. అందుకే డ్రైవింగ్ నేనే నేర్చుకున్నాను.

ఇక్కడ చెప్పబోయేది పాపకు ఆరేళ్ళు వచ్చిన ఎండాకాలం సంగతి.

ఏప్రిల్ చివర్లో ఒకరోజు కడపకు పోతూ ఉంటే చల్లగాలి మెల్లగా వెచ్చబడింది. మొదట నా భ్రమ అనుకున్నాను. ఇంకో రెండు నిమిషాలకు కంతల్లోంచి కుంపటి దగ్గర వచ్చేలాంటి గాలి వచ్చింది. అదృష్టం బాగుండి ఊరు దగ్గరే ఉన్నాం. ఏసీ ఉన్న ఒక బట్టల షాపులోకి పాపను తీసుకుపోయి, కొనేదేమీ లేకపోయినా గంటసేపు చీరలు చూశాను. బయటికొచ్చి కారు తీస్తే ఏసీ మామూలుగా పనిచేసింది.

మా ఊళ్ళో కార్లు బాగుచేసే అతనికి చూపించాను. "గ్యాస్ తగ్గింటాది, అంతే" అని గ్యాస్ పట్టాడు. మూడు రోజులు బాగుంది. నాలుగో రోజు మళ్ళీ అదే వరస. ఇంకొంచెం గ్యాస్ పట్టాడు. ఈసారి రెండు రోజులే. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. కారిపోయే గ్యాస్ అయితే ఒకసారి పోయాక మళ్ళీ దానంతటది ఎట్లా వస్తుంది? ఇంజను చల్లారితే చల్లగాలి వస్తోంది, వేడెక్కితే ఆగిపోతోంది. ఈ సంగతి నేను గమనించాను. కానీ అతనికి చెప్పలేదు. కార్ల గురించి నాకేం తెలుసులే అనుకున్నాను.

మే నెలలో పాపను కర్నూలులో డాక్టరమ్మకు చూపించాలి. ఆ వారం పళ్ళ డాక్టరు కూడా వస్తాడు, ఇద్దరూ కలిసి చూస్తారు. వాయిదా వేస్తే మళ్ళీ రెండు నెలలు ఆగాలి. చీకటితోనే బయల్దేరి, ఎండ ముదరకముందే కర్నూలు చేరాం. సాయంత్రం దాకా ఆసుపత్రి ఏసీలోనే కూర్చొని చల్లబడ్డాక తిరుగు ప్రయాణమవుదామనుకున్నాం. కానీ పదకొండున్నరకల్లా అన్నీ అయిపోయాయి. అంత దూరం ఏసీ ఒక్కసారి కూడా ఆగకుండా వచ్చిందన్న ధైర్యమో, ఇల్లు చేరాలన్న తొందరో, నేను కారు తీశాను. బావకు ఫోను చేసి బయల్దేరానని చెబితే, "ఈ ఎండలోనా?" అన్నాడు. "ఏసీ బాగానే ఉందిలే" అన్నాను.

నంద్యాల దాటాం. ఆళ్ళగడ్డ దాటాం. కారు ముందున్న చిన్న తెరమీద బయటి ఎండ నలభై నాలుగు అని చూపిస్తోంది. పాప వెనక సీట్లో బొమ్మల పుస్తకానికి రంగులు వేస్తోంది. అప్పుడు చల్లగాలి ఆగిపోయింది.

ఆ క్షణం నాకిప్పటికీ ఒంట్లో గుర్తుంది. ముందు నా మెడ వెనక తెలిసింది. తరువాత చెయ్యి పెట్టి చూశాను. వేడిగాలి. ఏసీ ఆపి, మళ్ళీ వేశాను. వేడిగాలే. అద్దాలు దించితే ఇంకా వేడి. కారు పక్కకు ఆపి, తడి టవల్ తీసి పాప తలమీద కప్పి, సీసా నీళ్ళు దాని గౌను మీద పోశాను.

"అమ్మా, బొమ్మలు తడుస్తాండాయి" అంది పాప.

"తడవనీలే" అన్నాను.

చాగలమర్రి దగ్గర రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు కనిపించింది. పంక్చర్లు వేసి, కార్ల వైరింగు పని కూడా చేసే షాపు. అక్కడున్నతను నా వయసువాడే. పాప ముఖం చూడగానే ఏమీ అడక్కుండా టేబుల్ ఫ్యాను దాని వైపు తిప్పి, బిందెడు నీళ్ళు తెచ్చి పెట్టాడు. తరువాత బానెట్ ఎత్తి చూశాడు.

"చల్లగాలి పుట్టించే కంప్రెసర్‌కు కరెంటు పోతల్లేదమ్మా. బండ్లో ఉండే కంప్యూటరే దాన్ని ఆపేస్తాండాది" అన్నాడు.

"ఎందుకు అన్నా?"

"అది స్కానర్ పెట్టి చూస్తే గానీ తెలీదు. నా కాడ లేదు. కావాలంటే కంప్యూటరుతో పనిల్యాకుండా బ్యాటరీ నుంచి ఒక వైరు లాగి డైరెక్ట్ ఇస్తా. చల్లగాలి వస్తాది."

"ఇవ్వు అన్నా."

అతను తల గోక్కున్నాడు. "నా మాట ఇనమ్మా. అది ఆపేస్తాందంటే ఏదో కారణముంటాది గదా. డైరెక్ట్ ఇస్తే ఇంగ ఆపేటోళ్ళు ఎవురూ ఉండరు. స్విచ్చి ఒకటి పెట్టిస్తా. బండి పోతాండేటప్పుడు మాత్రం వేసుకో. యాడన్నా నిలబడితే ఎంటనే ఆపేయి. మర్చిపోవాకు."

"మర్చిపోను" అన్నాను.

ఆ షెడ్డులో పొద్దు వాలేదాకా ఉండిపోతే బాగుండేదని తరువాత ఎన్నిసార్లు అనుకున్నానో. కానీ రేకుల కింద ఫ్యాను వేడిగాలే కొడుతోంది. పాప బుగ్గలు కందిపోయాయి. థర్మామీటరు నూటొకటి చూపించింది. గంటన్నరలో కడప చేరతాం, అక్కడ ఆసుపత్రులున్నాయి. ఆ లెక్కే నాకు కనిపించింది.

వైరు కలపగానే చల్లగాలి వచ్చింది. పాప ఒంటివేడి మెల్లగా దిగింది. దువ్వూరు దగ్గరికి వచ్చేసరికి నేను ఊపిరి పీల్చుకుంటున్నాను. అంతలో ముందు లారీలు ఆగాయి.

ఎక్కడో ముందు ఒక ట్రాక్టరు ట్రాలీ రోడ్డుకు అడ్డంగా పడిపోయిందట. నాకు ముందు బండల లారీ, వెనక బండల లారీ, పక్కన ఇసుక టిప్పర్. వెనక్కి తిప్పే చోటు లేదు. స్విచ్చి నా మోకాలి పక్కనే ఉంది. దానిమీద వేలు పెట్టాను. ఆపేస్తే రెండు నిమిషాల్లో కారు పొయ్యి అవుతుంది. అద్దంలో పాపను చూశాను. తల వెనక్కి వాల్చి నోరు తెరుచుకొని చల్లగాలి తాగుతోంది.

ఇంకొక్క నిమిషం, లారీ కదులుతుందిలే అనుకున్నాను. ఆ నిమిషం అయ్యాక ఇంకొకటి. అట్లా ఎన్ని నిమిషాలు గడిచాయో నాకు తెలియదు. మర్చిపోలేదు. తెలిసే ఉంచాను.

బానెట్ కింద ఏదో పగిలినట్టు చప్పుడైంది. ఆ వెంటనే కుక్కర్ విజిల్ కంటే పదింతలు గట్టిగా బుస్సుమని మోత. కారు ముందంతా తెల్లటి పొగ. లారీ క్లీనర్ కిందికి దూకి, "దిగమ్మా, దిగు! అంటుకుంటాదేమో!" అని అరిచాడు.

పాపను ఎత్తుకొని, థర్మామీటరున్న సంచి భుజాన వేసుకొని దిగాను. ఫోను కారులోనే ఉండిపోయింది. బయట ఎండ ముఖం మీద కొట్టినట్టు తగిలింది. తారు చెప్పుల కింద మెత్తగా అతుక్కుంటోంది. రోడ్డుకు ఎడమవైపు బత్తాయి చెట్ల చీనీతోట, దాని మధ్యలో ఒక కొట్టం కనిపించాయి. పరిగెత్తాను. పాప చేతులు నా మెడచుట్టూ బిగిసి ఉన్నాయి. తోటలో సగం దూరం పోయేసరికి అవి జారిపోయాయి.

కొట్టంలో అరవై ఏళ్ళ పెద్దావిడ ఒకామె మంచం మీద పడుకొని ఉంది. నన్ను చూసి దిగ్గున లేచింది.

"ఏమైందిమ్మే? యాక్సిడెంటా?"

"ఎండదెబ్బ. నీళ్ళు కావాలి పెద్దమ్మా. చాలా నీళ్ళు."

"మోటరుకు ఇప్పుడు కరెంటు లేదే" అంటూనే ఆమె మూలనున్న రెండు కడవల దగ్గరికి నడిచింది. తడి ఇసుకలో పూడ్చిపెట్టిన కడవలు. తాగే నీళ్ళు. వెనకాడకుండా మొదటి కడవ ఎత్తి పాప మీద మెల్లగా వంచింది. నేను గౌను విప్పేసి, నా చున్నీ తడిపి చంకల్లో, మెడ కింద, తొడల సందుల్లో పెట్టాను. ఆమె తన కొంగు చించి ఇంకో రెండు గుడ్డలు చేసింది. తాటాకు విసనకర్ర తీసుకొని రెండు చేతులతో విసిరింది.

థర్మామీటరు పెట్టాను. నూట నాలుగు దాటింది.

"పాపా, ఇట్లా చూడు. నన్ను చూడు" అన్నాను. కళ్ళు తెరిచింది కానీ నన్ను చూడలేదు. నా వెనక ఎక్కడో చూసింది. ఆరోగ్య కేంద్రంలో ఇట్లాంటి చూపు నేను చూశాను. ఎండలో పడిపోయినవాళ్ళను మోసుకొచ్చినప్పుడు వాళ్ళ కళ్ళల్లో చూశాను. వాళ్ళలో కొందరు తిరిగి ఇంటికి పోలేదు.

"గమ్మునుండు. ఏడ్సొద్దు. నీళ్ళు పోస్తా ఉండు" అంది పెద్దావిడ. నేను ఏడుస్తున్నానని నాకు అప్పుడు తెలిసింది.

మొదటి కడవ అయిపోయింది. రెండోది సగమైంది. కొట్టం వెనక నీడలో సిమెంటు తొట్టి ఉంది. అందులో అడుగున ఉన్న నీళ్ళు కాస్త చల్లగా ఉంటే అవీ తెచ్చి పోశాం. మళ్ళీ థర్మామీటరు పెట్టాను. నూట మూడున్నర. కాసేపటికి నూట మూడు. అక్కడే ఆగింది, దిగలేదు.

అంతలో రోడ్డు మీద లారీల హారన్లు వినిపించాయి. దారి తెరుచుకున్నట్టుంది. పెద్దావిడ విసనకర్ర నా చేతిలో పెట్టి, "నువ్వు విసురుతా ఉండు" అని రోడ్డు వైపు నడిచింది. ఆ వయసులో అంత వేగంగా నడిచేవాళ్ళను నేను చూడలేదు. రోడ్డు మధ్యలో రెండు చేతులూ పైకెత్తి నిలబడి, మొదట వచ్చిన కారును ఆపింది. అందులో ఏసీ వేసుకొని పెళ్ళికి పోతున్న ఒక కుటుంబం. ఆమె వాళ్ళతో ఏమందో నాకు తెలియదు. ఆ పట్టుచీరల మధ్యే తడిసి ముద్దయిన నన్ను, పాపను కూర్చోబెట్టుకొని, పెళ్ళి మానేసి మమ్మల్ని కడపలో ఆసుపత్రికి చేర్చారు. మైదుకూరు దాటేటప్పుడు పాప కళ్ళు తిప్పి నా ముఖం చూసింది.

"అమ్మా, నా రంగులు కార్లో ఉండాయి" అంది.

దాని తడి జుట్టు ముఖం మీంచి పక్కకు తోశాను. పక్కనున్న ఆమె నా చెయ్యి పట్టుకొని ఆసుపత్రి వచ్చేదాకా వదల్లేదు.

రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. పాప కోలుకుంది. డాక్టర్లు అన్ని పరీక్షలూ చేసి, అవయవాలకు ఏమీ కాలేదని చెప్పారు. బావ బేతంచెర్ల నుంచి వచ్చి, కారును లాగించి కడపలో ఒక షెడ్డులో పెట్టించాడు. ఆ షెడ్డు కార్ల ఏసీలు తప్ప ఇంకో పని ముట్టని ఒక పాతకాలపు మెకానిక్‌ది. అతన్ని అందరూ భాయ్ అనే పిలుస్తారు. పాపను మా అమ్మ దగ్గర ఏసీ గదిలో ఉంచి, మూడో రోజు నేనూ బావా అక్కడికి పోయాం.

భాయ్ బానెట్ ఎత్తి, ఆ ఎర్ర వైరును వేలితో పైకి లేపాడు.

"ఇది ఎవురు పెట్టినారు?"

బావ నా వైపు చూశాడు. ఏసీ పేలిపోయిందని మాత్రమే అతనికి చెప్పాను. వైరు సంగతి చెప్పలేదు. స్విచ్చి సంగతి అసలే చెప్పలేదు. రెండు రాత్రులు పాప మంచం పక్కన కూర్చొని చెప్పాలనుకుంటూనే దాటేశాను.

"నేనే పెట్టించినా భాయ్" అన్నాను. "నిలబడితే ఆపేయమని అతను చెప్పినాడు. నేను ఆపలేదు. పాపకు చల్లగాలి పోతుందని ఆపలేదు. తెలిసే చేసినా."

బావ ముఖం చూసే ధైర్యం నాకు లేదు. అతను నా పక్కకొచ్చి నిలబడి, "నేనుండినా అదే చేసింటాను" అన్నాడు.

భాయ్ అంతా అడిగి తెలుసుకున్నాడు. మా ఊళ్ళో రెండుసార్లు గ్యాస్ పట్టించిన సంగతి విని పెదవి విరిచాడు. నాకు అర్థమయ్యేలా చెప్పాడు. "ఇంజను ముందర జాలీ ఉండాది సూడమ్మా, దాంట్లో గ్యాస్ శానా ఒత్తిడి మీద ఉంటాది. దాన్ని సల్లబరిచేదానికి ఫ్యాన్ తిరగల్ల. నువ్వు డైరెక్ట్ ఇచ్చినావు గదా, కంప్యూటరేమో ఏసీ బంద్ ఉండాదని ఫ్యాన్ తిప్పలే. రెండు తూర్లు పట్టించినందుకు గ్యాస్ జరూరత్ కంటే ఎక్కువుండె. బండేమో నిలబడిపాయ. ఒత్తిడి పోయేదానికి దారిల్యాక సేఫ్టీ వాల్వ్ తెరుసుకున్నాది. అది తెరుసుకోబట్టి సరిపాయ. ల్యాకుంటే పైపే పగులుతాండె."

"అంతకుముందు కంప్యూటరు ఎందుకు ఆపింది భాయ్? అసలు రోగం అది కదా" అన్నాను.

అతను నన్ను కాస్త శ్రద్ధగా చూశాడు. "అదే పట్టుకోవల్ల. జరా టైం పడుతాది."

ఆ వైరు పీకేశాడు. వాల్వ్ మార్చి, పైపుల్లో ఎక్కడా కారడం లేదని తేల్చుకున్నాడు. పాత గ్యాస్, గాలి, తేమ అంతా మిషనుతో లాగేసి, బానెట్ కింద అంటించిన కాగితంలో ఎన్ని గ్రాములు రాసుందో అన్ని గ్రాములే తూకం వేసి పట్టాడు. ఏసీ వేస్తే చల్లగాలి వచ్చింది. బావ ఊపిరి వదిలాడు. నేను మాత్రం వదల్లేదు.

"ఇంజను వేడెక్కితే ఆగుతుంది భాయ్. చల్లగా ఉన్నప్పుడు ఎప్పుడూ బాగానే ఉంటుంది" అన్నాను. ఏప్రిల్‌లో చెప్పాల్సిన మాట.

"అట్లనా? అయితే నీడలో పెట్టి సూసేది దండగ" అని కారును షెడ్డు బయటికి తీసి, నడి ఎండలో నిలబెట్టాడు. పైపులకు రెండు గేజీలు తగిలించాడు. కారు లోపల కంప్యూటరుకు స్కానర్ పెట్టి, దాని తెరను నా చేతికిచ్చాడు. "నువ్వు ఇది సూస్తా ఉండు. నేను గేజీ సూస్తా. లోపల ఒత్తిడి ఎంతుండాదో గేజీ జెప్తాది. ఎంతుండాదని కంప్యూటరు అనుకుంటాందో నీ చేతిలోది జెప్తాది."

గొడుగు కింద నిలబడి ఆ అంకె చూస్తూ ఉన్నాను. గేజీలో రెండువందల ఇరవై, నా తెరమీదా దాదాపు అంతే. అరగంట గడిచింది. ముప్పావుగంట. ఇంజను వేడికి బానెట్ మీద గాలి అలలు అలలుగా కదులుతోంది. ఆ అంకె మారాలని కోరుకుంటున్నానో మారకూడదని కోరుకుంటున్నానో నాకే తెలియలేదు. ఏమీ కనిపించకపోతే ఈ కారులో పాపను ఎట్లా కూర్చోబెట్టాలి?

ఉన్నట్టుండి నా తెరమీద రెండువందల ముప్పై కాస్తా మూడువందలైంది. మూడువందల ఎనభై. నాలుగువందల నలభై. భయంతో రెండడుగులు వెనక్కి వేశాను. "భాయ్, పెరుగుతాంది! పక్కకు రా!" అని అరిచాను. టక్కుమని కంప్రెసర్ ఆగిపోయింది.

భాయ్ కదల్లేదు. గేజీ మీద వేలు పెట్టి చూపించాడు. ముల్లు రెండువందల ఇరవై దగ్గర ఉండి, అప్పుడే మెల్లగా కిందికి దిగుతోంది.

"లోపల ఏం పెరగలేదమ్మా. పెరిగిందని కంప్యూటరుకు ఎవురో తప్పు జెప్పినారు. నిజమని నమ్మి పాపం అది ఆపేసింది."

జాలీ పక్కన పైపుకు బిగించిన బొటనవేలంత ముక్కను చూపించాడు. దాన్నుంచి మూడు సన్నటి వైర్లు పోతున్నాయి. అదే ప్రెషర్ సెన్సర్. మా ల్యాబ్‌లో కూడా రక్తం లెక్కలు చూసే మిషను ఒక్కోసారి బతికున్న మనిషికి ఉండరాని అంకె చూపిస్తుంది. అప్పుడు మేము రోగికి మందు మార్చం, మిషను సంగతి చూస్తాం. ఇది అంత చిన్న విషయం. నెల రోజులుగా అందరం రోగికి గ్యాస్ పడుతూ వచ్చాం.

భాయ్ వెంటనే దాన్ని పీకేయలేదు. "వైరు తప్పో, ఇదే తప్పో తెల్సుకోవల్ల" అని మీటరు తీసి ఒక్కో వైరూ చూశాడు. కంప్యూటరు నుంచి దానికి రావాల్సిన ఐదు వోల్టులు సరిగ్గా వస్తున్నాయి. ఎర్త్ బాగుంది. కనెక్టరు ఊపి చూశాడు, అంకె కదల్లేదు. ఆఖరికి చెంబుతో చల్లనీళ్ళు తెచ్చి ఆ ముక్క మీద మాత్రం ధారగా పోశాడు. నా చేతిలోని తెరమీద నాలుగువందల నలభై గబగబా దిగి, గేజీ చూపిస్తున్న అంకె దగ్గరికి వచ్చి ఆగింది. కాసేపటికి కంప్రెసర్ దానంతటదే తిరగడం మొదలుపెట్టింది.

"దొరికింది" అన్నాడు భాయ్. "వేడెక్కితే పిచ్చి లెక్కలు జెప్తాండాది."

కొత్త సెన్సర్ మరుసటి రోజు వచ్చింది. బిగించాక మళ్ళీ నడి ఎండలో పెట్టి చూద్దామన్నాను. అతను విసుక్కోలేదు. రెండు గంటలు ఇంజను ఆపకుండా ఉంచాం. గేజీ ముల్లు, నా తెర ఒకే మాట చెబుతూ ఉన్నాయి. చివరి గంట నేను కారులో వెనక సీట్లో, పాప కూర్చునే చోట, గది థర్మామీటరు చేతిలో పట్టుకొని కూర్చున్నాను. సీటు కింద రంగు పెన్సిళ్ళు ఎండకు మెత్తబడి వంగిపోయి ఉన్నాయి. బావ బయట నిలబడి అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు.

"ఇంగ సాలమ్మా?" అని అడిగాడు భాయ్.

"ఇంకో పది నిమిషాలు భాయ్."

పాపను మళ్ళీ ఆ కారులో కూర్చోబెట్టడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఒంటరిగా చాలాసార్లు నడిపి చూశాను. రాయచోటి దాకా పోయి వచ్చాను. కావాలని కడపలో రద్దీ ఉన్నచోట నిలబెట్టాను. ప్రతిసారీ కంత దగ్గర చెయ్యి పెట్టి, అరచెయ్యి మొద్దుబారేదాకా తీయలేదు. కారులో ఇప్పుడు రెండు పెద్ద ఐసు డబ్బాలు ఉంటాయి. పగలు ప్రయాణం పెట్టుకోను. భాయ్ ఇచ్చిన చిన్న స్కానర్ ఒకటి ముందు పెట్టుకొని దారి పొడవునా ఆ అంకె చూస్తూ ఉంటాను. అది కాస్త ఎక్కువ కాగానే నా ఊపిరి ఆగుతుంది. భయం పోలేదు. పోతుందని కూడా నేను అనుకోవడం లేదు.

ఆ తరువాత మొదటిసారి ముగ్గురం కలిసి కర్నూలుకు పోయింది జూన్‌లో, తెల్లవారుజామున. బావ నడుపుతున్నాడు, నేను వెనక పాప పక్కన కూర్చున్నాను. దువ్వూరు దాటేటప్పుడు కళ్ళు మూసుకున్నాను. ఆళ్ళగడ్డ దగ్గర పాప నా భుజం తట్టింది. వెంటనే దాని నుదుటి మీద చెయ్యి పెట్టాను.

"ఏమైంది? వేడిగా ఉందా?"

"కాదు" అంది, రెండు చేతులూ చంకల్లో పెట్టుకొని. "సలి పుడతాంది అమ్మా. కొంచెం తగ్గియ్యి."

బావ అద్దంలోంచి నా వైపు చూశాడు. నేను తగ్గించమని చెప్పలేదు. నా చున్నీ తీసి దానికి మెడదాకా కప్పాను. పాప ముఖం చిట్లించుకొని, కాసేపటికి నా మీదికి వాలి నిద్రపోయింది.